ఐటీఐ తర్వాత అప్రెంటిస్: అపోహలు - వాస్తవాలు

నల్గొండ జిల్లాలో ఒక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతాను. ఫలితాలు రాగానే పిల్లలు, వాళ్ల వెంట తల్లిదండ్రులు వచ్చి అడిగేది ఏటా ఒకటే. "సార్, అప్రెంటిస్ పోతే ఏడాది వేస్టంట గదా?" అప్రెంటిస్ అంటే ఐటీఐ పాసయ్యాక ఒక కంపెనీలో స్టైపెండ్ (నెలనెలా ఇచ్చే శిక్షణ భత్యం) తీసుకుంటూ పని నేర్చుకోవడం. అది వేస్టనే మాట ఎవరు పుట్టించారో గానీ, మా పిల్లలకు దీనివల్ల జరిగినంత నష్టం మరి దేనివల్లా జరగలేదు.

అపోహ: అప్రెంటిస్ అంటే తక్కువ డబ్బుకు చాకిరీ. కాంట్రాక్టర్ దగ్గర చేరడమే నయం.

వాస్తవం: మొదటి నెల కాంట్రాక్టర్ ఇచ్చేది స్టైపెండ్ కన్నా ఎక్కువే ఉండొచ్చు. ఇల్లు గడవని చోట అలా ఎక్కువొచ్చే రెండు మూడు వేలు ఎంత ఆసరానో నాకు తెలుసు, అలా చేరినవాళ్లను తప్పుపట్టను. కానీ ఏం వదులుకుంటున్నారో తెలిసి వదులుకోవాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరితే రిజిస్టరైన ఒప్పందం ఉంటుంది. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం అడిగే హక్కు ఉంటుంది. అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. చివర పరీక్ష పాసైతే ఎన్‌ఏసీ, అంటే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. రైల్వే యూనిట్లలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకైతే రైల్వే లెవెల్-1 (మొదటి మెట్టు) పోస్టుల్లో 20 శాతం ప్రత్యేకంగా ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద తేడా పనిలో ఉంటుంది. మిర్యాలగూడ వైపు పిల్లవాడొకడు, క్లాసులో వాడి వైరింగ్ చూపించి మిగతావాళ్లకు చెప్పేవాణ్ని. పాసవగానే ఒక ప్లాంటులో కాంట్రాక్టర్ కింద చేరాడు. అక్కడ రోజంతా కేబుల్ లాగడం, గోడలకు రంధ్రాలు వేయడమే పని. కరెంటు కంట్రోల్ ప్యానెల్ తలుపు ఒక్కసారి కూడా తెరవనివ్వలేదు. తర్వాత ఇంకోచోట ఇంటర్వ్యూకి పోతే స్టార్-డెల్టా స్టార్టర్ (పెద్ద మోటార్లను స్టార్ట్ చేసే పరికరం) ముందు నిలబెట్టి ఫాల్ట్ కనిపెట్టమన్నారట. చేతులాడలేదు సార్ అన్నాడు. అనుభవం ఉందని చెప్పుకుందామన్నా కాంట్రాక్టర్ లెటర్ ఇవ్వలేదు. చివరికి వాడు అప్రెంటిస్‌కే పోయాడు. అక్కడ మోటార్లు, స్విచ్‌గేర్, మెయింటెనెన్స్ అన్నీ వరుసగా తిప్పి నేర్పారు. ఇప్పుడు వాడు షిఫ్ట్ ఎలక్ట్రీషియన్, ఇంటి దగ్గరే ఉంటున్నాడు.

అలాంటి చోట్లు మనకు దూరమేం కాదు. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. మేళ్లచెరువు, హుజూర్‌నగర్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, జడ్చర్ల పక్కన పోలేపల్లిలో మందుల కంపెనీలు ఉన్నాయి. వీటికి కావాల్సింది ప్యానెల్ ముందు భయపడకుండా నిలబడే మనిషి.

అపోహ: అప్రెంటిస్ చేస్తే అక్కడే పర్మనెంట్ అవుతారు.

వాస్తవం: చట్టం ఆ గ్యారంటీ ఇవ్వదు. "పర్మనెంట్ చేయిస్తా, ఇంత ఖర్చవుతుంది" అని ఎవడైనా వస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి. పొలం తాకట్టు పెట్టి ఇచ్చినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

అపోహ: ఐటీఐతో చదువు ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో, ఆ తర్వాత ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు.

అపోహ: ఆడపిల్లకు ఎలక్ట్రీషియన్ ఎందుకు?

వాస్తవం: సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష కరెంటు స్తంభం ఎక్కి చూపించి 2022లో లైన్‌ఉమన్ ఉద్యోగంలో చేరింది. మీ అమ్మాయి స్తంభమే ఎక్కాలని లేదు, కంపెనీల లోపలా ఈ పనే ఉంది. రాత్రి షిఫ్టుల గురించి తల్లుల టెన్షన్ మాత్రం న్యాయమైనదే. బస్సు పెడతారా, హాస్టల్ ఉందా అని చేరకముందే అడగండి, మొహమాటం వద్దు.

ఇక చేరేవాళ్లకు: ఒప్పందం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టరైందా, దాని నంబర్ మీకు ఇచ్చారా చూసుకోండి. కంపెనీవాళ్లు "తర్వాత చూద్దాం" అంటే మీ దగ్గరున్న ఒప్పందం కాగితం తీసుకుని మీ ఐటీఐలో అప్రెంటిస్ వ్యవహారాలు చూసే సార్‌ని ఆ వారంలోనే కలవండి.