ముందు గాలికి దారి చూపించండి

ప్రియమైన పిల్లలకు,

పడవలో చెయ్యి దూరని సందుల్లోకి చిక్కటి ఎపాక్సీ ఎలా పంపాలని అడిగారు. ఎపాక్సీ అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు; చిక్కబడటానికి అందులో పొడి కలిపి ముద్దలా చేస్తాం. సందు మూతి దగ్గర పుల్లతో అదిమి పూస్తే బయటికి నిండినట్టే కనిపిస్తుంది గానీ, లోపల గాలి చిక్కుకుపోతుంది. ఆ ఖాళీలోకి ఎప్పుడో ఒకప్పుడు నీరు చేరుతుంది. చెక్క పడవైతే కుళ్లు అక్కడే మొదలవుతుంది. అందుకే ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది గాలినే.

సూది లేని సిరంజి తీసుకోండి. దాని మూతి మరీ సన్నం, చిక్కటి ముద్ద దూరదు, కాబట్టి కొన కాస్త కత్తిరించండి. లోతు ఎక్కువైతే సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించండి. కొనను సందు అడుగు దాకా దించి మెల్లగా నొక్కండి. ఎపాక్సీ పైకి వస్తున్న కొద్దీ సిరంజిని వెనక్కి లాగండి. కొన మాత్రం ముద్దలో మునిగే ఉండాలి. పైకి తీసి మళ్లీ గుచ్చారంటే మధ్యలో బుడగ పడ్డట్టే. అన్ని వైపులా మూసుకుపోయిన ఖాళీ అయితే కింద ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం వేసి కింది దాంట్లోంచి నింపండి. పై రంధ్రంలోంచి మొదట బుడగలతో వస్తుంది. బుడగలు ఆగి ముద్ద ఒక్కటే వచ్చేదాకా నొక్కండి. సిరంజి లేకపోతే గట్టి ప్లాస్టిక్ కవరులో వేసి మూల కత్తిరించినా పని జరుగుతుంది.

దీనికి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. పొడి కలపని పల్చటి ఎపాక్సీని సన్నటి బ్రష్‌తో సందు గోడలకు పూయాలి. లేకపోతే ఎండిన చెక్క, ముద్దలోని రెసిన్‌ను పీల్చేసుకుంటుంది, అతుకు బలహీనపడుతుంది. చెక్క తడిగా ఉంటే మాత్రం ఆ రోజు పని మొదలుపెట్టకండి.

రెసిన్, హార్డెనర్ కొలత డబ్బా మీద రాసినట్టే ఉండాలి. కొన్నిటికి 2:1, కొన్నిటికి 5:1. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే గట్టిపడదు సరికదా, మెత్తగా ఉండిపోతుంది. రెండూ బాగా కలిశాకే చిక్కబరిచే సిలికా పొడి వేయండి. నిలువు అతుకులకు ముద్ద పుల్ల మీద జారకుండా నిలబడాలి, సన్నటి సందుకు ఇంకాస్త పల్చగా ఉండాలి. మైక్రోబెలూన్ల పొడి (లోపల బోలుగా ఉండే అతి చిన్న గుండ్లు) కలిపితే సాండ్ పేపర్‌తో రుద్దడానికి సులువు, కానీ బరువు మోసే అతుకుల్లో అది పనికిరాదు.

కలిపింది కప్పులో ఎక్కువసేపు ఉంచకండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడి పుట్టిస్తుంది. ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోదు, పొగ రావచ్చు, కప్పు కూడా కరిగిపోవచ్చు. కొంచెం కొంచెం కలుపుకోండి, వెడల్పాటి ట్రేలో పరచుకోండి. లోతైన గుంత కూడా ఒకేసారి నింపకుండా కొన్ని పొరలుగా నింపండి.

ఇది పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే చేయాలి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. సిలికా చాలా తేలిక, గాల్లో లేస్తుంది, కాబట్టి మాస్కు కూడా ఉండాలి. పడవ లోపల గాలి ఆడేలా చూసుకోండి. చర్మానికి ఒకసారి ఎపాక్సీ ఎలర్జీ వస్తే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. ఒంటికి అంటితే సబ్బు, నీళ్లతో కడగండి. థిన్నర్‌తో తుడవకండి, అది ఎపాక్సీని చర్మం లోపలికి ఇంకేలా చేస్తుంది.

మిగిలిన పని తేలిక. గట్టిపడక ముందే అదనంగా వచ్చింది తుడిచి, సందు అంచులకు ముందే అంటించిన మాస్కింగ్ టేపు ఉంటే లాగేయండి. గోటితో నొక్కితే గుర్తు పడే దశలోనే తర్వాతి పొర వేస్తే రుద్దే అవసరం ఉండదు. పూర్తిగా గట్టిపడిపోతే పైన మైనంలాంటి జిగట తేలవచ్చు. దాన్ని ముందు నీళ్లతో కడిగి, ఆరాక సాండ్ పేపర్ పట్టి, ఆ తర్వాతే పొర వేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య