ఇంట్లో బేస్ సాధనకు చిన్న యాంప్: వాట్ల అపోహ, మరికొన్ని

హన్మకొండలో బేస్ గిటార్ నేర్పుతూ, దానితోపాటు యాంప్లిఫయర్ల మరమ్మతు కూడా చేస్తున్న నాకు ఒక ఫిర్యాదు మాత్రం ఏ నెలా తప్పడం లేదు. "సార్, మంచిదే కొన్నం, వంద వాట్స్‌ది, అయినా ఇంట్ల బేస్ వస్తలేదు" అంటూ చర్చి గాయక బృందాల యువకులు, నిట్ విద్యార్థులు, పిల్లల కోసం అప్పు చేసి మరీ కొన్న తల్లిదండ్రులు యాంప్‌ను మోసుకుని వస్తారు. విప్పి చూస్తే అందులో ఏ లోపమూ ఉండదు. లోపం లేదని చెప్పినా వారి బాధ తీరదు. దుకాణంలో ఎవరో చెప్పిన మాట విని, దాన్ని తక్కువ ధరకు అమ్మేసి ఇంకా ఎక్కువ వాట్లున్న మరొకటి కొనడానికి సిద్ధపడతారు. ఇలా నష్టపోయేవారిలో చాలామంది అంత డబ్బు పోగొట్టుకునే స్థితిలో ఉన్నవారు కారు. అందువల్ల ఈ ఒక్క విషయాన్ని కొంత విపులంగా రాస్తున్నాను.

అపోహ: వాట్లు ఎంత ఎక్కువైతే బేస్ అంత బాగా వినిపిస్తుంది.

వాస్తవం: వాట్ల సంఖ్య యాంప్ స్పీకర్‌కు ఎంత విద్యుత్ శక్తిని అందించగలదో చెబుతుంది. ఆ శక్తిలో ఎంత భాగం శబ్దంగా మారుతుందో, అందులో మంద్ర స్వరాలు ఎంతవరకు ఉంటాయో అది చెప్పదు. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దాన్ని కొలిచే డెసిబెల్‌లలో పెరిగేది 3 మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 25 వాట్లది వదిలి 50 వాట్లది తీసుకున్నవారికి అదనంగా దక్కేది ఆ 3 డెసిబెల్‌లే, అదీ వాల్యూమ్‌ను చివరిదాకా పెంచినప్పుడే. ఇంట్లో అంతదాకా పెంచేవారు ఎవరు? స్పీకర్ సెన్సిటివిటీ 90 డెసిబెల్‌లు అనుకుంటే, ఒక్క వాట్ అందగానే మీటరు దూరంలో 90 డెసిబెల్‌ల శబ్దం వస్తుంది, ఆ శబ్దానికి పక్కింటివారు వచ్చి తలుపు తడతారు. ఇంట్లో, ఆఫీసులో జరిగే సాధన దాదాపుగా ఒక వాట్ లోపలే సాగుతుంది. మిగిలిన తొంభై తొమ్మిది వాట్లకు డబ్బు చెల్లించి, వాటిని మూలన పెట్టుకున్నట్టే అవుతుంది.

మరి బేస్ ఎందుకు వినిపించదు? మొదటి కారణం మన చెవిలోనే ఉంది. శబ్దం తగ్గినకొద్దీ చెవి మంద్ర స్వరాలను మిగతావాటికంటే ముందుగా వదిలేస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాలు) దగ్గర సున్నాకు కాస్త పైనున్న డెసిబెల్‌ల శబ్దాన్ని కూడా ఆరోగ్యవంతమైన చెవి పట్టుకుంటుంది. 40 హెర్ట్జ్ దగ్గర కేవలం వినిపించడానికే దాదాపు 50 డెసిబెల్‌లు కావాలి. నాలుగు తీగల బేస్‌లో ఇ తీగ మూల స్వరం 41.2 హెర్ట్జ్, ఐదు తీగలదైతే కింది బి తీగ 30.9 హెర్ట్జ్. అంటే తక్కువ వాల్యూమ్‌లో ఆ తీగలు వినిపించకపోవడం యాంప్ తప్పు కాదు. అత్యంత ఖరీదైన యాంప్ తెచ్చి పెట్టినా అంతే తక్కువ వాల్యూమ్‌లో వాయిస్తే ఇబ్బంది అలాగే ఉంటుంది.

రెండవ కారణం స్పీకర్, దాని పెట్టె. ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం హెర్ట్జ్‌కు, దిగినప్పుడు అదే స్థాయి శబ్దం రావాలంటే స్పీకర్ నాలుగు రెట్లు గాలిని కదిలించాలి. గిటార్ కింది ఇ తీగ 82.4 హెర్ట్జ్, బేస్ ఇ తీగ సరిగ్గా దానికి ఆక్టేవ్ కింద ఉంటుంది. చిన్న కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు లాంటి భాగం) అంత గాలిని కదిలించాలంటే తన హద్దు దాటి ముందుకు, వెనక్కు ఊగాలి. అప్పుడు వినిపించేది స్వరం కాదు, కోన్ కొట్టుకునే చప్పుడు. స్పీకర్ పెట్టెల రూపకల్పనలో హాఫ్‌మన్ నియమంగా పేరుపడిన సూత్రం ఒకటుంది: పెట్టె చిన్నదిగా ఉండటం, బేస్ లోతుగా దిగడం, తక్కువ శక్తితో ఎక్కువ శబ్దం రావడం అనే మూడింటిలో ఏ రెండు కోరుకున్నా మూడవదాన్ని వదులుకోవాల్సిందే. దీన్ని బాగా గుర్తెరిగి చేసిన యాంప్‌కు నేను తరచుగా చూపే ఉదాహరణ రోలాండ్ మైక్రో క్యూబ్ బేస్ ఆర్‌ఎక్స్. దాని శక్తి మొత్తం 5 వాట్లే, ఆరు డబుల్ ఏ సెల్స్‌తో కూడా నడుస్తుంది, కానీ అందులో 4 అంగుళాల స్పీకర్లు నాలుగు ఉన్నాయి. ఆ నాలుగింటి వైశాల్యం కలిపితే ఒక 8 అంగుళాల స్పీకర్‌కు సమానం. దాన్ని తయారుచేసినవారు వాట్లను పెంచకుండా కోన్ వైశాల్యాన్ని పెంచారు, ఒక గదికి కావలసింది అదే.

మన ప్రాంతంలో ఈ అపోహ ఇంతగా నాటుకుపోవడానికి కారణం ఉంది. బేస్ అనగానే వినాయక నిమజ్జనంలోనో, పెండ్లి బరాత్‌లోనో గుండెల్లో అదిరిన డీజే బాక్సుల చప్పుడే గుర్తుకు వస్తుంది. ఆ బాక్సుల్లో 18 అంగుళాల స్పీకర్లు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి, శబ్దం 100 డెసిబెల్‌లు దాటి ఉంటుంది. ఆ అదురును పడకగదిలో, పెద్దవాళ్లు నిద్రపోతుండగా, చేతిలో మోసుకుపోయే పెట్టెలోంచి ఆశించడం న్యాయం కాదు. దీనికి తోడు హోమ్ థియేటర్ పెట్టెలపై వేలల్లో ముద్రించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అంకెలు చూసి అలవాటైన కళ్లకు 25 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఎడతెగకుండా ఇవ్వగల శక్తి) అనే నిజాయితీ గల అంకె చిన్నదిగా కనిపిస్తుంది. పీఎంపీఓ అంకెను అసలు లెక్కలోకి తీసుకోకండి.

గోదావరిఖని నుంచి సింగరేణి కార్మికుడొకరు తన కొడుకుతో కలిసి వచ్చిన సందర్భం ఇక్కడ చెప్పాలి. అబ్బాయి చర్చిలో బేస్ వాయిస్తాడు. క్వార్టర్ గోడకు అవతలి ఇంటాయన నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటాడు కాబట్టి వాల్యూమ్ పెంచడానికి వీల్లేదు; పెంచకపోతే కింది రెండు తీగలు వినిపించవు. తండ్రి ముఖంలో కనిపించిన ఆందోళన నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే వంద వాట్లది కొనిపెట్టింది ఆయనే. ఆ యాంప్‌లో బేస్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది, మధ్య స్వరాల మిడ్ నాబ్ పూర్తిగా తగ్గించి ఉంది. నేను బేస్‌ను సగానికి తెచ్చి, మిడ్‌ను సగం దాటించి, యాంప్‌ను నేలమీది నుంచి తీసి కుర్చీపై అబ్బాయి చెవులకు ఎదురుగా పెట్టించాను. మాట్లాడుకునేంత శబ్దంలోనే ఇ తీగమీది ప్రతి స్వరమూ విడివిడిగా వినిపించింది. "గిదే మిషన్ మా ఇంట్ల గిట్ల ఎందుకు పలుకలే సార్?" అని ఆయన అడిగారు.

ఆయనకు చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాను. తీగ మీటినప్పుడు 41 హెర్ట్జ్ ఒక్కటే రాదు. దానితోపాటు దాని గుణిజాలైన 82, 124, 165 హెర్ట్జ్‌ల హార్మోనిక్స్ కూడా వస్తాయి. ఆ హార్మోనిక్స్ స్పష్టంగా అందితే చాలు, మూల స్వరం దాదాపుగా లేకపోయినా మెదడు దాని శ్రుతిని తానే గుర్తిస్తుంది. పాత టెలిఫోన్ లైన్లు 300 హెర్ట్జ్ కింద ఏమీ పంపేవి కావు, మగవారి గొంతు మూల స్వరం సాధారణంగా 150 హెర్ట్జ్ లోపే ఉంటుంది, అయినా ఫోన్‌లో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినిపించేది. చిన్న యాంప్‌లో మిడ్ తగ్గించి బేస్ పెంచితే, స్పీకర్ చేయలేని పనిని దానిపై మోపి, చేయగలిగిన పనిని ఆపినట్టవుతుంది. ఇక నేలపై, గోడ మూలన పెడితే బేస్ కొంత పెరిగే మాట నిజమే. అయితే ఆ కంపనం గోడల గుండా, స్లాబు గుండా పక్క ఇంటికి, కింది అంతస్తుకు కూడా వెళుతుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవారు కుర్చీపైనో, మందపాటి ఫోమ్‌పైనో పెట్టుకోవడం మంచిది.

కాబట్టి ఇంటికి కొనేటప్పుడు ముందుగా చూడవలసింది స్పీకర్ వ్యాసం, తరువాత హెడ్‌ఫోన్ సాకెట్, ఆపైన పాటలు కలిపి వాయించడానికి ఆక్స్ ఇన్‌పుట్ (ఫోన్ తగిలించే సాకెట్), చివరగా వాట్లు. 8 అంగుళాల స్పీకర్ ఉన్న 25 వాట్ల ఫెండర్ రంబుల్ 25 వంటిది ఒక గదికి ధారాళంగా సరిపోతుంది. అదే శ్రేణిలో 10 అంగుళాల రంబుల్ 40 పెట్టే స్థలం, మోసే ఓపిక ఉన్నవారికి ఇంకొంత మెరుగు. బ్లాక్‌స్టార్ ఫ్లై 3 బేస్ వంటి 3 అంగుళాల పెట్టెలు ప్రయాణంలో ఉపయోగపడతాయి, అయితే వాటినుంచి కింది తీగల మూల స్వరాన్ని ఆశించకూడదు. డ్రమ్స్‌తో కలిసి వాయించవలసినవారికి ఇవేవీ సరిపోవు, అక్కడ వాట్లు నిజంగానే కావాలి; కానీ ఆ పనికి కొన్నదాన్ని ఇంటి సాధనకు కూడా వాడాలనుకోవడం దగ్గరే ఖర్చు పెరుగుతుంది.

అపోహ: గిటార్ యాంప్‌లో బేస్ పెడితే యాంప్ కాలిపోతుంది.

ఈ మాటకు భయపడి, ఇంట్లో మంచి గిటార్ యాంప్ ఉండి కూడా నెలల తరబడి యాంప్ లేకుండానే వాయించిన పిల్లలను చూశాను. భయపడకండి. బేస్ సిగ్నల్ వల్ల యాంప్ సర్క్యూట్‌కు హాని లేదు. ప్రమాదం స్పీకర్‌కు, అదీ వాల్యూమ్ బాగా పెంచినప్పుడే. కోన్ కొట్టుకుంటున్న చప్పుడు వినగానే తగ్గిస్తే ఏమీ కాదు. అయితే వెనుక తెరిచి ఉన్న గిటార్ యాంప్‌లలో కోన్ వెనుక నుంచి వచ్చే శబ్దం ముందు శబ్దంతో కలిసి మంద్ర స్వరాలను రద్దు చేస్తుంది కాబట్టి బేస్ పలుచగా వినిపిస్తుంది. బేస్ యాంప్‌లో గిటార్ వాయించడానికి మాత్రం ఏ సందేహమూ అక్కరలేదు. 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చిన ఫెండర్ సంస్థ దానికోసమే 1952లో బాస్‌మన్ యాంప్ చేస్తే, కొన్నేళ్లకు గిటారిస్టులే దాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారు. కీబోర్డ్ యాంప్ ఉన్నవారు బేస్‌ను నిశ్చింతగా అందులో వాయించవచ్చు.

హోమ్ థియేటర్ ఆక్స్‌లో బేస్‌ను నేరుగా పెట్టవచ్చనేది మరొక మాట. పాడైపోదు, కానీ పాసివ్ పికప్‌కు (బ్యాటరీ లేని బేస్‌లో తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగానికి) దాదాపు ఒక మెగా ఓమ్ నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి, ఆక్స్ ఇన్‌పుట్ దానికంటే ఎంతో తక్కువ కాబట్టి శబ్దం మందంగా, నీరసంగా వస్తుంది. మధ్యలో సిగ్నల్‌ను సరిచేసి పంపే ప్రీయాంప్ ఉంటే సమస్య తీరుతుంది.

ఆఫీసులో బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో సాధన చేద్దామనుకునే మడికొండ ఐటీ పార్కు మిత్రులకు ఒక హెచ్చరిక. సాధారణ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం సెకనులో పదోవంతుకు పైగా ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో పావు బీట్ అంటే 125 మిల్లీసెకన్లే, కాబట్టి తాళం తప్పడం ఖాయం. నేపథ్య సంగీతానికి బ్లూటూత్, మన వాద్యానికి వైరు, ఇదే పద్ధతి. రెండు ట్రిపుల్ ఏ సెల్స్‌తో నడిచే వాక్స్ ఆంప్లగ్ 2 బేస్ వంటి హెడ్‌ఫోన్ యాంప్‌ను జేబులో పెట్టుకుని మంచి వైర్డ్ హెడ్‌ఫోన్ తగిలిస్తే, ఎన్నో పెద్ద యాంప్‌లు గదిలో వినిపించలేని కింది స్వరాలు కూడా వినిపిస్తాయి.

ఎఫెక్టుల సంఖ్య, బ్రాండ్ ప్రతిష్ఠ, ఫలానా దేశంలో తయారైందన్న గొప్ప, వీటికోసం అదనంగా ఖర్చు చేయవలసిన అవసరం లేదు. కానీ అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యాంప్ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. వెనుక లేబుల్‌పై 120 వోల్టులు అని మాత్రమే ఉంటే, పిన్ను ఆకారం మార్చే అడాప్టర్‌తో మన 230 వోల్టులకు తగిలించకూడదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ఆ చింత లేదు. గుంయ్‌మని శబ్దం వస్తున్నదని మూడో పిన్ను తీసేయడం ప్రాణాపాయం. ముందుగా ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి. కరెంటు పోయినప్పుడే ఆ శబ్దం మొదలైతే కారణం చాలావరకు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ సొంత బేస్ తీసుకుని వెళ్లండి. దుకాణదారుడు వాల్యూమ్ పెంచి వినిపించబోతే ఆపి, ఇద్దరు మాట్లాడుకునేంత స్థాయికి తగ్గించమని అడగండి. ఇ తీగపై ఇ, ఎఫ్, జి స్వరాలను నెమ్మదిగా వాయించి, ఏది ఎప్పుడు మారిందో కళ్లు మూసుకుని చెప్పగలుగుతున్నారా చూడండి. తరువాత మీ హెడ్‌ఫోన్ తగిలించి, స్పీకర్ పూర్తిగా ఆగిందా, ఏమీ వాయించనప్పుడు చెవిలో హిస్స్ ఎంత ఉందో గమనించండి. యాక్టివ్ బేస్ అయితే వెళ్లేముందు లోపలి 9 వోల్ట్ బ్యాటరీ మార్చుకోండి. అది నీరసించి శబ్దం చీలితే, ఆ తప్పును యాంప్‌పై వేసి మంచిదాన్ని వదిలేసి వచ్చే అవకాశం ఉంది.