బలవంతంగా మిలిటరీకి తీసుకెళ్తారా? అపోహలు - వాస్తవాలు

ఆర్మీలో రిటైరై తిరుపతిలో సెలక్షన్లకు కుర్రాళ్లను తయారుచేస్తున్నాను. సరిహద్దులో గొడవ మొదలైతే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. చేసేది ఎక్కువగా అమ్మలే.

అపోహ: యుద్ధం ముదిరితే ఇంటికొకరిని పట్టుకుపోతారు.

వాస్తవం: మన దేశంలో అలా సిపాయిలను చేర్చుకోరు. 1962లో లేదు, 1971లో లేదు, కార్గిల్‌ అప్పుడూ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్ల కింద పోరాడిన దాదాపు 25 లక్షల మంది మనవాళ్లు కూడా పేరిచ్చి చేరినవాళ్లే. ప్రజా ప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే వీలు రాజ్యాంగం 23వ అధికరణంలో ఉంది. అయినా సైన్యాన్ని నింపింది దానితో కాదు. ‘మా కాలేజీలో తప్పనిసరిగా ఉండేది’ అని తాతయ్యలు చెప్పేది ఎన్‌సీసీ గురించి, అంటే విద్యార్థులకిచ్చే సైనిక శిక్షణ. చైనా యుద్ధం తర్వాత 1963లో దాన్ని తప్పనిసరి చేసి, 1968లో ఆ నిబంధన తీసేశారు.

అమెరికాలో మనవళ్లున్న ఇళ్లకు ఒక మాట. అక్కడ పౌరులైన, గ్రీన్‌కార్డున్న 18-25 ఏళ్ల మగపిల్లల పేర్లు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితాలో, నమోదు కావాలి. కానీ నిర్బంధ చేరిక 1973లోనే ఆగిపోయింది.

అపోహ: మాట వినని పిల్లోణ్ణి మిలిటరీలో వేస్తే దారికొస్తాడు.

వాస్తవం: నాకు బాధ కలిగించేది ఇదే. ‘మావోడికి చదువు ఎక్కలేదు సార్, ఎట్లైనా మిలిటరీలో ఏసేయండి’ అంటారు నాన్నలు. ‘మీవాణ్ణే అడుగుదాం అన్నా’ అంటాను. ‘లడఖ్‌లో వేస్తే పోతావా?’ అని అడిగితే కొందరు నాన్న ముఖం చూసి తలూపుతారు. అలాంటివాళ్లను ఇంటికి పంపేస్తాను. 18 నిండకపోతే తల్లిదండ్రుల సంతకం కావాలి. సంతకం నాన్నది, నాలుగేళ్లు మోయాల్సింది కొడుకు. అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ల కాలానికి తీసుకునే సిపాయిగా, చేరడం మన ఇష్టం, మధ్యలో మానేయడం మన ఇష్టం కాదు. చాలా అరుదైన కారణాలుంటే తప్ప వదలరు.

కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ 2021 డిసెంబరు 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో అప్పటి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చనిపోయారు. ఈ సంగతి చెప్పకుండా నేనెవర్నీ గ్రౌండ్‌లోకి దించను.

అపోహ: జీతానికి చేరేవాడికి దేశం మీద ప్రేమ ఉండదు.

వాస్తవం: ఈ మాట అనేవాళ్లు జీతం లేకుండా ఏ ఉద్యోగం చేస్తున్నారు? అగ్నివీర్‌కు మొదటి ఏడు నెలకు 30 వేలు, చేతికొచ్చేది 21 వేలు. పట్టుకున్న 9 వేలకు ప్రభుత్వం అంతే కలుపుతుంది. అలా పోగయ్యేదే సేవానిధి, నాలుగేళ్లకు వడ్డీతో సుమారు 11.71 లక్షలు. తర్వాత కొనసాగించేది 25 శాతం వరకే, ఇది ముందే తెలుసుకుని రండి. ఇంటి అప్పు తీర్చాలని వచ్చిన పిల్లలు చలిలో, రాత్రి కాపలాలో ఎవరికీ తీసిపోలేదు. నేను వాళ్ల పక్కనే నిలబడి చూశాను.

అపోహ: కొండకు నడిచెక్కేవాడికి పరుగు ఒక లెక్కా?

వాస్తవం: అలిపిరి 3,550 మెట్లు ఎక్కితే పిక్కలకు బలమొస్తుంది, వేగం రాదు. ఆర్మీ సెలక్షన్ పరుగులో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో వస్తేనే పూర్తి 60 మార్కులు. మొదటి రౌండులోనే ఊపిరంతా ఖర్చు చేసినవాడు మూడో రౌండుకు నడుస్తాడు. మెట్లు వారానికోసారి చాలు, మిగతా రోజులు ట్రాక్ మీదికి రండి.