కొర్రమీను శత్రువైన కాలం

వానాకాలంలో చెరువుల్లో చేపపిల్లలు వదిలే రోజులు వచ్చాయంటే వరంగల్, ములుగు ప్రాంతాల్లో ఒకే రకం గొడవ వినిపిస్తుంది. పిల్లలు తక్కువ వచ్చాయి, మరీ సన్నగా ఉన్నాయి, అదను దాటాక వచ్చాయి. న్యాయమైన ఫిర్యాదులే. ఏ జాతి పిల్లలు అని మాత్రం ఎవరూ అడగరు. బొచ్చ, రవ్వు, మోసు, బంగారుతీగ అన్న పేర్లు మన నోళ్లలో ఎంతగా నానాయంటే, కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు తవ్వించిన నాటి నుంచీ అవే అందులో ఈదుతున్నాయేమో అనిపిస్తుంది.

బొచ్చ, రవ్వు, మోసు చెరువు నీటిలో మామూలుగా గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నీరు కావాలి. ఒకప్పుడు వీటిని పెంచాలంటే నదుల్లో పిల్లలను వలేసి ఏరి తేవలసిందే. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు కలిసి, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుపుతారు. ఆ తర్వాత గుడ్లు పొదిగించి పిల్లలను తీసే హేచరీలు పుట్టుకొచ్చాయి, చేపపిల్ల సంచుల్లో కొనే సరుకైంది. నాలుగోదైన బంగారుతీగ అసలు మన దేశపు చేపే కాదు. 1939లో శ్రీలంక మీదుగా నీలగిరికి చేరింది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఈ పిల్లలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఎండిపోయే చెరువుకు 35-40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే జలాశయానికి 80-100 మిల్లీమీటర్లవి.

మరి మన నీళ్లలో తనంతట తానే పెరిగే చేప మాటేమిటి? ఇక్కడే కథ మలుపు తిరిగింది. కొర్రమీను వేటాడే చేప, చేపపిల్లలను మింగేస్తుంది. అందుకని పిల్లల పెంపకం కుంటలను సిద్ధం చేసే పద్ధతిలో మొదటి మెట్టే కొర్రమీను, మార్పు, జెల్ల లాంటి చేపలను ఏరివేయడం. వాటికి శాస్త్రీయ పుస్తకాలు పెట్టిన పేర్లు ‘హింసక చేపలు’, ‘కలుపు చేపలు’. నీళ్లు తోడలేని చోట హెక్టారుకు రెండు, రెండున్నర టన్నుల ఇప్పచెక్క వేయమన్నాయి. నూనె తీయగా మిగిలిన ఆ చెక్కలోని సపోనిన్ అనే పదార్థం చేపలను చంపుతుంది. అడవిలో ఆదివాసీ ఏరిన ఇప్పకాయే కొర్రమీనుకు విషమైంది. అదే కొర్రమీను ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చేప. బజారులో బొచ్చ, రవ్వుల కన్నా ఎక్కువ ధర పలికేదీ అదే.

తెచ్చి వదిలిన చేపకూ, అక్కడే పుట్టిన చేపకూ మధ్య ఇలాంటి తగవు వేరే చోట వేరే చేప మీద జరిగింది. అమెరికాలోని మోంటానాలో, కొండ వాగుల్లో ఈకలతో కట్టిన దొంగ ఈగను గాలానికి తగిలించి ట్రౌట్ పట్టడం పెద్ద సరదా. అందరికీ చేపలు దొరకాలని ఏళ్ల తరబడి హేచరీ ట్రౌట్‌ను వాగుల్లో వదిలారు. డిక్ వింసెంట్ అనే జీవశాస్త్రవేత్త మాడిసన్ నదిలో లెక్కలు తీస్తే, వదలడం ఆపిన చోట వాగులోనే పుట్టిన ట్రౌట్ పెరిగింది. తమంతట తామే ట్రౌట్ పుట్టి పెరిగే వాగుల్లో హేచరీ చేపలు వదలడాన్ని 1974లో ఆ రాష్ట్రం ఆపేసింది. తమాషా ఏమిటంటే, ఆ నదిలోని గోధుమ రంగు ట్రౌట్ కూడా యూరప్ నుంచి వచ్చిందే. వాళ్ల దృష్టిలో ‘అడవి చేప’ అంటే ఆ నీటిలో పుట్టింది అని మాత్రమే.

ఆ లెక్క మనకు అచ్చంగా సరిపోదు. ట్రౌట్‌కు చల్లటి నీరు కావాలి. వరంగల్ ఎండల్లో అది ఒక్క రోజు బతకదు. పైగా హేచరీ రవ్వు కొర్రమీను తిండికి పోటీ రాదు, చిన్నగా ఉన్నప్పుడు దానికి తిండవుతుంది. సహకార సంఘాల్లోని ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు ఆ రవ్వే కూడు పెడుతోంది. చెరువుల్లో పిల్లలు వదలవద్దని నేను అనను. వాగుల సంగతి వేరు.

పాకాల నుంచి దిగే మున్నేరు, మేడారం పక్కన పారే జంపన్న వాగు వేసవికి మడుగులుగా చీలిపోతాయి. గాలి పీల్చగల కొర్రమీను ఆ మడుగుల్లో, బురదలో కూడా ప్రాణం నిలుపుకుంటుంది. తొలి వరదకు గుడ్లు పెట్టే పరకలు, జెల్లలు ఎదురెక్కుతాయి. మత్తడి కింద ఊత (చేపలు పట్టే బుట్ట) పట్టుకుని నిలబడినవాడికి ఆ సంగతి పుస్తకం చెప్పనక్కరలేదు. వాటికి చేటు హేచరీ పిల్లల కన్నా మడుగులో కలిపే మందు, వదిలే కరెంటు వల్లే ఎక్కువ. విషంతో, పేలుడు పదార్థాలతో చేపలు పట్టడం నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టమే చెప్పింది. ఏ చెరువుకు ఎన్ని పిల్లలు ఇచ్చారో కాగితం మీద లెక్క ఉంటుంది. ఏ మడుగులో ఏ చేప మిగిలిందో చెప్పగలిగేది గాలానికి కప్పను గుచ్చి ఆ గట్టున కూర్చునేవాళ్లే. కొర్రమీను జంట నీటి పైపొరన ఎర్రటి పిల్లల గుంపును కాస్తూ తిరిగే రోజుల్లో, ఆ కప్ప మీదికి ముందుగా దూకేది తల్లో తండ్రో అని వాళ్లకు తెలుసు.