బ్లోయర్ ఆఖర్న బిగిద్దాం

పిల్లలూ,

పోయినసారి షెడ్డులోకి వచ్చినప్పుడు మీరందరూ ఒకటే ప్రశ్న అడిగారు. "తాతయ్యా, ఆ అల్యూమినియం డబ్బాని ఎందుకలా గుడ్డ కప్పి మూలన పెట్టావు? ముందు దాన్నే బిగించొచ్చు కదా?" అని. అప్పుడు బ్రేకు గొట్టాలు బిగించే పనిలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

దాని పేరు సూపర్‌చార్జర్. హాట్ రాడ్లు, అంటే మనం చేస్తున్నట్టు పాత కార్లను వేగం కోసం మార్చిన బండ్లు, తయారుచేసేవాళ్లు మాత్రం బ్లోయర్ అంటారు, అంటే ఊదేది. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఏం చేస్తుందో ఇంజన్ దగ్గర ఇదీ అదే చేస్తుంది. తిత్తి నొక్కగానే బొగ్గు భగ్గుమంటుంది. కొత్తగా బొగ్గేమీ వేయలేదు, గాలి ఎక్కువ అందింది, అంతే. ఇంజన్లో కూడా పెట్రోలు ఎంత కావాలంటే అంత పోయొచ్చు, గాలి అందించడమే కష్టం. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి.

గాలికి బరువేమిటి అంటారా? లెక్క వేద్దాం. మన వీ8 ఇంజన్ (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో ఉండేది) 5.7 లీటర్లది. రెండు చుట్లు తిరిగితే ఒకసారి 5.7 లీటర్ల గాలి పీలుస్తుంది. నిమిషానికి 3,000 చుట్ల మీద, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటే, అది ఎనిమిదిన్నర వేల లీటర్లు. తూచగలిగితే దాదాపు పది కిలోలు. ప్రతి నిమిషమూ పది కిలోల గాలి ఆ చిన్న వాల్వుల సందులోంచి దూరి వెళ్తోంది! ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

మామూలు ఇంజన్లో పిస్టన్ కిందికి దిగితే లోపల ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి తన ఒత్తిడితో తానే లోపలికి వస్తుంది. సముద్ర మట్టం దగ్గర ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. (ఇందాకటి 14.7కీ దీనికీ సంబంధం లేదు, అంకె అలా కలిసింది.) బ్లోయర్ దానికి ఇంకో 7 పౌండ్లు కలిపిందనుకోండి, ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఈ అదనపు ఒత్తిడినే బూస్ట్ అంటారు.

ఈ యంత్రం పుట్టింది కార్ల కోసం కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఇనుము కరిగించే కొలుముల్లోకి, గనుల్లోకి గాలి ఊదడానికి వాడేవాళ్లు. లోపల రెండు రోటర్లు (తిరిగే లోహపు దిమ్మలు) ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ గాలిని గోడ వెంబడి అటునుంచి ఇటు చేరవేస్తాయి. అవి లోపల గాలిని నొక్కవు. ఇంజన్ మింగగలిగిన దానికంటే ఎక్కువ తెచ్చి పడేస్తుంటాయి, ఆ గాలి మేనిఫోల్డులో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, కిక్కిరిసి ఒత్తిడి పెరుగుతుంది. మన డబ్బాని 6-71 అంటారు. 71 క్యూబిక్ అంగుళాల సిలిండర్లు ఆరు ఉన్న జనరల్ మోటార్స్ టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్ మీద అది ఉండేది. ఆ ఇంజన్ తనంతట తాను గాలి పీల్చుకోలేదు, పొగను బయటికి తోసి కొత్త గాలి నింపడానికి బ్లోయర్ ఉండి తీరాలి. తుక్కుకు పోయిన లారీ ఇంజన్ల నుంచి దాన్ని ఊడదీసి పెట్రోలు ఇంజన్ నెత్తిన పెట్టినవాళ్లు హాట్ రాడ్ కుర్రాళ్లు.

వాళ్ల గురించి ఒక్క మాట. కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సులు ఉన్నాయి. నేల అద్దంలా చదునుగా ఉంటుంది. 1930లలో కుర్రాళ్లు పాత ఫోర్డు కార్ల మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి అక్కడ పరిగెత్తించేవాళ్లు. ఫోర్డు 1932లో తెచ్చిన వీ8 ఇంజన్ 65 హార్స్‌పవర్‌ది. మామూలు మనిషి కొనగలిగిన కారులో వీ8 రావడం అప్పటికి పెద్ద విషయం. డబ్బు లేదు, పనిముట్లూ అంతంతమాత్రమే. ఉన్నదాంట్లోంచే వేగం పిండుకున్నారు. నాకు వాళ్లంటే ఎంతో గౌరవం.

మరి బ్లోయర్ ఆఖర్న ఎందుకు? అది ఇచ్చే బలం మిగతా బండి మీద బరువుగా పడుతుంది కాబట్టి. పాత ఛాసిస్ (బండి అడుగు చట్రం) కమ్ములు ఒకవైపు తెరిచి ఉన్న పట్టీలు, ఇంజన్ ఒక్క గుంజు గుంజితే మెలిపడతాయి. అందుకే తెరిచిన వైపు రేకు వెల్డింగ్ చేసి పెట్టెలా మూశాను. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకే మొదట బ్రేకులు, స్టీరింగు. ఆపలేని బండిని పరిగెత్తించే హక్కు మనకు లేదు.

ఇంజన్ లోపలి సంగతి ఇంకా ముఖ్యం. గాలిని తోస్తే వేడెక్కుతుంది. 7 పౌండ్ల బూస్ట్ దగ్గర బ్లోయర్ నుంచి వచ్చే గాలి 80 డిగ్రీలు దాటడం మామూలే. గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్లు బ్లోయర్ పైనే ఉంటే పెట్రోలు ఆవిరవుతూ కొంత చల్లబరుస్తుంది. ఆ గాలిని పిస్టన్ మళ్లీ ఎనిమిదో వంతుకు నొక్కుతుంది. మొత్తం కలిపి చూస్తే దాదాపు 11.8 కంప్రెషన్ ఉన్న, అంటే గాలిని 11.8వ వంతుకు నొక్కే, ఇంజన్‌తో సమానం. అంత నొక్కుడులో పెట్రోలు మంట మెల్లగా పాకడానికి బదులు, మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలిపోవచ్చు. దాన్ని డిటొనేషన్ అంటారు. బయటికి గులకరాళ్లు డబ్బాలో ఊపినట్టు టకటకమని వినిపిస్తుంది, లోపల మాత్రం పిస్టన్ మీద సుత్తి దెబ్బలు. దాన్ని తప్పించడానికే కంప్రెషన్ తక్కువగా ఉంచుతాం, పెట్రోలు కాస్త ఎక్కువ ఇస్తాం, బూస్ట్ వచ్చినప్పుడు నిప్పురవ్వని కొంచెం ఆలస్యంగా వదులుతాం.

ఇప్పుడు నా సొంత తప్పు చెబుతాను. నా మొదటి బండికి ఇంజన్ బిగించేటప్పుడు బ్లోయర్ ఎప్పుడెప్పుడు పెడదామా అన్న ఆత్రం. పిస్టన్ చుట్టూ తొడిగే రింగు రెండు కొసల మధ్య కాస్త ఎడం ఉంటుంది, వేడికి రింగు సాగడానికి. నాలుగు అంగుళాల సిలిండర్‌కి మామూలుగా 0.4 మిల్లీమీటర్లు సరిపోతుంది. బ్లోయర్ ఉంటే 0.6 దాకా కావాలి. తేడా 0.2, అంటే రెండు కాగితాల మందం. పుస్తకంలో చదివాను, అయినా మామూలు ఎడంతోనే బిగించేశాను. రెండో వారంలో ఒక ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ దడదడలాడి ఆగిపోయింది. విప్పి చూస్తే వేడికి సాగిన రింగు కొసలు ఒకదానికొకటి తన్నుకుని, పిస్టన్ అంచు విరిగి ఉంది. సిలిండర్ గోడ మీద గోటితో గీరినట్టు చారలు. ఆ పిస్టన్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఈసారి వచ్చినప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి.

షెడ్డులో కొన్ని విషయాల్లో నేను ఎవరి మాటా వినను. జాకు ఒక్కదాన్నే నమ్మి బండి కింద ఎవరూ దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది, కాబట్టి వెల్డింగ్ చేసే రోజు పెట్రోలు ట్యాంకు బయట ఉండాలి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుముని వెంటనే వెల్డింగ్ చేయకూడదు. క్లోరిన్ కలిసిన రకమైతే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసి ఇంజన్ నడపడం అసలే వద్దు.

బ్లోయర్ లేకుండానే, మామూలు మేనిఫోల్డుతో ముందు ఇంజన్ స్టార్ట్ చేస్తాం. ఆయిల్ ప్రెషర్ నిలిచి, ఎక్కడా కారకుండా కొన్నాళ్లు తిరిగాక గుడ్డ తీద్దాం. అప్పుడు కూడా పైన పెద్ద పుల్లీ (బ్లోయర్‌ని తిప్పే బెల్టు చక్రం) పెట్టి తక్కువ బూస్ట్‌తో మొదలు. పుల్లీ చిన్నదైతే బ్లోయర్ ఇంకా వేగంగా తిరుగుతుంది, ఆ సరదా తర్వాత తీర్చుకోవచ్చు.

ఇంజన్ ఇంకా స్టాండు మీదే ఉంది. ఎనిమిది సిలిండర్ల పై రింగులూ కొలవకుండా మీకోసం అట్టే పెట్టాను. సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ మీ చేతికిస్తాను. కొలతలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి, ఒక్కో రింగూ ఇద్దరిద్దరు కొలవాలి. ఇద్దరి అంకెలూ కలవకపోతే మూడోసారి నేను కొలుస్తాను.

మీ తాతయ్య