రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్‌లో శానిటరీ ఇన్‌స్పెక్టర్ పని: అపోహలు - వాస్తవాలు

నేను మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. ఆంధ్ర ప్రాంతంలో మా పనికి ఆధారం 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. అందులోని ‘న్యూసెన్స్’ (జనం ఆరోగ్యానికి హాని చేసే పరిస్థితి) అనే మాట, ముందు నోటీసు ఇచ్చే పద్ధతి ఇంగ్లండ్ చట్టాల నుంచి వచ్చాయి. అందుకే 1919-39 మధ్య అక్కడి పట్టణాల్లో ఈ పని ఎలా సాగిందో ఇష్టంగా చదువుతుంటాను. మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కూడా ఆ కాలం గురించి కొన్ని తప్పుగా అనుకుంటారు.

అపోహ: అప్పటికే అక్కడ ఇంటింటికీ ఫ్లష్ మరుగుదొడ్డి ఉంది.

లేదు. ఉత్తరాది పట్టణాల్లో 1920ల్లో కూడా పెరటి బకెట్ మరుగుదొడ్లు ఉన్నాయి. వాటిని ఖాళీ చేయడానికి కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ) మనుషులు బండ్లతో వచ్చేవారు.

అపోహ: ఇన్‌స్పెక్టర్ అంటే జరిమానాలు వేసేవాడు.

జరిమానా వేసే అధికారం మేజిస్ట్రేటుది. ఇన్‌స్పెక్టర్ ముందు మామూలు నోటీసు ఇస్తాడు. ఇంటి ఓనరు కదలకపోతే చట్టప్రకారం నోటీసు. అప్పటికీ వినకపోతేనే కోర్టు. ఆనాటి వార్షిక నివేదికలు తిరగేస్తే మొదటి రకం నోటీసులే ఎక్కువ కనిపిస్తాయి, కోర్టు దాకా వెళ్లినవి చాలా తక్కువ. మళ్లీ మళ్లీ వెళ్లి చూడటమే అసలు పని. డ్రెయిను పగిలిందని అనుమానం వస్తే గొట్టంలోకి పొగ పంపి, ఇంట్లో ఏ మూల నుంచి లేస్తుందో చూసేవారు. అద్దెకున్నవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా నమ్మని ఓనరు, పొగ చూశాక కాదనలేడు.

అపోహ: మురికివాడల వాళ్లకు కొత్త ఇళ్లిస్తే స్నానాల తొట్టిలో బొగ్గు పోసుకుంటారు.

అప్పట్లో ఇంగ్లండ్‌లో బాగా తిరిగిన మాట ఇది. వింటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే మన కాలనీల గురించీ ఇలాగే మాట్లాడతారు. పెరట్లో ఒక్క కుళాయిని నాలుగైదు కుటుంబాలు వాడుకునే చోట జనం శుభ్రత తెలియనివాళ్లు అనడం అన్యాయం. 1930 హౌసింగ్ చట్టం వచ్చాక పాత ఇళ్లు కూల్చి, అక్కడివాళ్లను కౌన్సిల్ ఇళ్లకు పంపారు. అప్పుడు పెద్ద చిక్కు నల్లులు. గోడల పగుళ్లలో, వాల్‌పేపర్ వెనక దాగి ఉండేవి. ఇల్లాలు ఎంత కడిగినా పోయేవి కావు. అందుకే కొన్ని కౌన్సిళ్లు సామాన్లను మూసిన వ్యాన్లలో పెట్టి, హైడ్రోజన్ సయనైడ్ గ్యాసు పట్టించాకే కొత్త ఇంటికి చేర్చేవి.

ఇరుకు విషయంలోనూ నింద పేదవాళ్ల మీదికే పోయింది. ఒక ఇంట్లో ఎంతమంది ఉంటే ఇరుకో చెప్పే 1935 హౌసింగ్ చట్టం లెక్కలో పదేళ్ల లోపు పిల్లలు సగం మనిషి. ఏడాది నిండని బిడ్డ అసలు లెక్కలోకే రాదు. కూర్చునే గదిని కూడా పడుకునే గదిగా లెక్కేశారు. ఇలా కొలిస్తే ఇరుకు ఇళ్లు తక్కువగా తేలక ఏమవుతాయి?

అపోహ: పచ్చి పాలే బలం.

ఆవుల టీబీ పాల ద్వారా పిల్లలకు సోకేది. 1930ల్లో దానివల్ల ఏటా రెండు వేలకు పైగా చనిపోయేవారని అంచనా. అయినా పాశ్చరైజేషన్‌ను (పాలు వేడిచేసి క్రిములను చంపడాన్ని) తప్పనిసరి చేయలేదు. పాలు కాచి తాగే మన ఇళ్ల అలవాటు ఎంత మంచిదో ఇది చదివాకే నాకు బాగా అర్థమైంది.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే భయం లేదు.

1937 శరదృతువులో లండన్ పక్కనున్న క్రాయ్‌డన్‌లో టైఫాయిడ్ వచ్చింది. మూడు వందల మందికి పైగా సోకితే 43 మంది చనిపోయారు. ఆడింగ్టన్‌లోని లోతైన బావి నుంచి ఊరికి నీళ్లు వెళ్లేవి. ఆ బావిలో రిపేరు పని జరుగుతోంది. అప్పుడే వడపోత, క్లోరినేషన్ రెండూ ఆపేశారు, పంపింగ్ మాత్రం ఆపలేదు. దిగి పనిచేసిన కూలీల్లో ఒకాయన టైఫాయిడ్ క్యారియర్. ఆయనకు ఏ జబ్బూ లేదు, తన ఒంట్లో ఆ క్రిమి ఉందని తెలియదు. బావిలో పని జరుగుతోందని ఊరి హెల్త్ ఆఫీసరుకు ఇంజినీరింగ్ వాళ్లు చెప్పలేదు. అధికారుల మధ్య మాట అందకపోవడాన్ని తర్వాత జరిగిన విచారణ తప్పుపట్టింది.

ఇది చదివినప్పటి నుంచి, మా ఊళ్లో ట్యాంకు కడుగుతున్నారని తెలిస్తే ముందు ఇంజినీరింగ్ సెక్షన్‌కు ఫోన్ చేసి క్లోరిన్ సంగతి అడుగుతాను. మర్నాడు పొద్దున్నే చివరి వీధి కుళాయి దగ్గర క్లోరోస్కోప్ (నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూపే పరికరం) పెట్టి చూస్తాను.