ఉపాధి కూలి కనీస వేతనం నుంచి విడిపోయిన రోజు

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టాన్ని పక్కనపెట్టి, దాని స్థానంలో వీబీ-జీ రామ్ జీ (వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ - గ్రామీణ్) చట్టాన్ని ఆమోదించింది. అప్పటి నుంచి మాటలన్నీ ఏడాదికి 125 రోజుల పని చుట్టూ, పథకం పేరులోంచి గాంధీని తీసేయడం చుట్టూ తిరుగుతున్నాయి. కూలి రేటు ఎంత, దాన్ని ఎవరు ఖరారు చేయాలి అన్నది వెనకబడింది. రోజులు ఎన్ని పెంచినా కూలి గిట్టకపోతే ఎవరూ పనికి రారు. ఈ తగాదాకు మూలం 2009 జనవరి 1న కేంద్రం ఇచ్చిన ఒక నోటిఫికేషన్‌లో ఉంది.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 6వ సెక్షన్ రెండు దారులు చూపింది. 6(1) ప్రకారం, కనీస వేతనాల చట్టంలో ఏమున్నా సరే, కూలి రేటును కేంద్రమే నోటిఫై చేయవచ్చు. కేంద్రం అలా చేసేదాకా, వ్యవసాయ కూలీలకు రాష్ట్రం ఖరారు చేసిన కనీస వేతనమే ఇవ్వాలని 6(2) చెప్పింది. మొదటి మూడేళ్లు నడిచింది ఈ రెండో దారే. రేటు పెంచేది రాష్ట్రం, కూలి డబ్బు మొత్తం ఇచ్చేది కేంద్రం. 2007లో ఉత్తరప్రదేశ్ తన కనీస వేతనాన్ని 58 రూపాయల నుంచి ఒక్కసారిగా 100కు పెంచింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. రాష్ట్రాలు పెంచుకుంటూ పోతే తమ బిల్లుకు అంతుండదని ఢిల్లీ వాదించింది. ఖజానా వైపు నుంచి చూస్తే అందులో అర్థం లేకపోలేదు.

కానీ అందుకు ఎంచుకున్న మందు కూలీల నోటి దగ్గర ముద్ద లాగేసింది. 2009 జనవరి 1 నోటిఫికేషన్‌తో 6(1)ను బయటికి తీసి రాష్ట్రాలవారీగా రేట్లు బిగించేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది 80 రూపాయలు. అదే ఏడాది జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నోటిఫికేషన్ అమలును నిలిపేసింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఢిల్లీ ఏషియాడ్ క్రీడల నిర్మాణ కూలీల కేసులో, 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో తేల్చి చెప్పింది. రెండో కేసు మరీ దగ్గరిది. కరువు పని సాయం కింద ఇచ్చేదే కదా, కూలి తగ్గిస్తే తప్పేమిటన్న వాదనను కోర్టు అందులో ఒప్పుకోలేదు. 2011 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టూ కనీస వేతనం ఇవ్వాల్సిందేనంది. ఆ తీర్పుపై స్టే ఇవ్వడానికి 2012 జనవరిలో సుప్రీంకోర్టు నిరాకరించింది. అయినా రేట్లు కనీస వేతనానికి తిరిగి ముడిపడలేదు.

దాని బదులు 2011 జనవరి నుంచి రేటును వ్యవసాయ కూలీలు కొనే సరుకుల ధరలను కొలిచే సూచీకి కట్టారు. 2025 దాకా ఆ సూచీలోని సరుకుల బుట్ట 1983 నాటి ఇంటి ఖర్చుల సర్వేది. అందులో సింహభాగం తిండి గింజలూ పప్పూ నూనెలే. బడి ఫీజు, ఆస్పత్రి, బస్సు చార్జీ, ఫోన్ రీచార్జి లాంటి ఖర్చులకు ఇవాళ్టి ఇంట్లో ఉన్నంత బరువు అందులో ఉండేది కాదు. తిండి ధరలు నెమ్మదించిన ఏడాది కూలి రేటూ అక్కడే ఆగిపోయేది. 2017లో ఆంధ్ర, తెలంగాణల్లో రేటు 194 నుంచి 197కు కదిలింది. బీహార్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పెరిగింది ఒక్క రూపాయి. 2025లో మనకు 300 మీద ఏడు రూపాయలు కలిపి 307 చేశారు. సూచీ మార్చమనీ, రాష్ట్ర కనీస వేతనం, ఉపాధి రేటు రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే మూలంగా తీసుకోమనీ కేంద్రం వేసిన మహేంద్ర దేవ్ కమిటీ 2014లోనే సిఫారసు చేసింది. దాన్ని అమలు చేయలేదు. 2017 నాటి నగేశ్ సింగ్ కమిటీ సూచీ మార్పుకు సరేనంది గానీ, కనీస వేతనంతో కలపడానికి ఒప్పుకోలేదు.

ఆ 307 కూడా చేతికి అలాగే వస్తుందనుకోవద్దు. ఇది కొలత మీద ఇచ్చే కూలి. పది మంది గుంపు ఆరు రోజులు కందకం తవ్వితే 60 పనిదినాలు. తలా 307 పడాలంటే 18,420 రూపాయల పని తేలాలి. టెక్నికల్ అసిస్టెంట్ టేపు పట్టి కొలిచాక, ఘనపు మీటరు రేటుతో లెక్కగడితే 14,400 వచ్చిందనుకోండి, రోజుకు పడేది 240. నేల గట్టిదా మెత్తదా అన్నది ఎస్టిమేట్‌లో తప్పు రాసినా దెబ్బ కూలీకే. వేసవిలో నేల రాయిలా బిగుస్తుంది కనుక తెలుగు రాష్ట్రాల్లో ఫిబ్రవరికి 20, మార్చికి 25, ఏప్రిల్, మే నెలలకు 30, జూన్‌కు 20 శాతం వేసవి భత్యం కలిపేవారు. రేటు తక్కువైనప్పుడు ఆ కాస్త సర్దుబాటే కూలీని పనిలో నిలిపేది.

రేటు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం పథకం బయట ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నింట ముందుగా, మిగతావాటిలో ఆలస్యంగా స్మార్ట్‌కార్డుతో కూలి చెల్లింపులు ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్ తదితర ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. అమలు మెరుగైన చోట లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల నుంచి వచ్చింది కాదు, బయటి పనుల్లో కూలి, పని దొరకడం పెరగడం వల్ల వచ్చింది. ఉపాధి పని సరిగా అందుబాటులో ఉంటే ఊళ్లో రైతు ఇచ్చే కూలి పెరుగుతుంది. సాగు ముమ్మరంగా ఉండే రోజుల్లో ఏడాదికి 60 రోజులు పనులు ఆపవచ్చని కొత్త చట్టం అంటోంది. కూలి బేరం ఆడేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

2009లో కేంద్రం చెప్పుకున్న కారణం ఒక్కటే: డబ్బు మాది కనుక రేటూ మాదే. కొత్త చట్టంలో చాలా రాష్ట్రాలకు ఖర్చు 60:40గా పంచారు, కూలి బిల్లులో కూడా. రేటు నోటిఫై చేసే అధికారం మాత్రం కేంద్రం దగ్గరే ఉంచుకున్నారు. నూటికి నలభై కట్టే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తాము ఖరారు చేసిన కనీస వేతనాన్నే ఉపాధి కూలీకీ వర్తింపజేయాలని ఇప్పుడు అడగాలి.